తుంటి ఎముక విరిగితే: స్క్రూలా, రాడ్డా, బాల్ మార్చడమా?

"మా నాన్న రాత్రి బాత్రూంలో పడ్డారండీ. తుంటి ఎముక విరిగిందట. ఇక్కడ డాక్టరు గారు రాడ్ వేయాలంటున్నారు. మా బావమరిది వాళ్ల నాన్నకైతే బాల్ మార్చారు, మూడో రోజుకే నడిచాడట. ఏది మంచిదంటారు?"

నెలలో ఇలాంటి ఫోన్లు రెండు మూడైనా వస్తాయి నాకు. నేను సర్జన్ని కాను, ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే వాకర్ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి "లేద్దామా పెద్దాయనా" అనేది నేనే. ఏ ఆపరేషన్ అయినవాళ్లు ఎలా లేస్తున్నారో, ఎవరు ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే కవరు పట్టుకుని వస్తున్నారో పద్దెనిమిదేళ్లుగా దగ్గరుండి చూస్తున్నాను. ఆ ఫోన్లకు చెప్పే జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మీ ఇంట్లోవాళ్ల విషయంలో చివరి మాట వాళ్లను చూసిన సర్జన్‌దే. కానీ ఆయన చెప్పేది మీకు అర్థం కావాలి. సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగగలగాలి.

పెద్దవాళ్లకు చేసే ఏ తుంటి ఆపరేషన్‌నైనా నేను రెండు ప్రశ్నలతో కొలుస్తాను. మర్నాడు ఆ కాలి మీద పూర్తి బరువు వేసి నిలబడనిస్తారా? మళ్లీ ఇంకోసారి టేబుల్ ఎక్కాల్సిన పని లేకుండా ఉంటుందా? ఈ రెండింటికీ ఏది ఎక్కువ భరోసా ఇస్తే ఆ మనిషికి అదే మంచి ఆపరేషన్. ఖరీదు, కంపెనీ, ఇంపోర్టెడా లోకలా అన్నవన్నీ దాని తర్వాతే.

ఎక్కడ విరిగిందో ముందు అడగండి

"తుంటి విరిగింది" అని అందరం ఒకే మాట అంటాం కానీ, అది ఒకే రకం దెబ్బ కాదు. తొడ ఎముక పై కొసన గుండ్రటి బాల్ ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. బాల్ కింద సన్నటి మెడ. మెడ దాటి కిందికొస్తే ఎముక వెడల్పయి, పక్కన ఒకటి, లోపలి వైపు ఒకటి రెండు బుడిపెలుంటాయి. మెడ దగ్గర విరిగితే రిపోర్టులో నెక్ ఫ్రాక్చర్ అని రాస్తారు. బుడిపెల మధ్య విరిగితే ఇంటర్‌ట్రొకాంటరిక్ అనీ, ఇంకా కిందికి విరిగితే సబ్‌ట్రొకాంటరిక్ అనీ రాస్తారు.

ఈ తేడాకు అంత పట్టింపు రక్తం వల్ల. కాయకు తొడిమ ఎలాగో బాల్‌కు మెడ అలాగ. బాల్‌కు రక్తం చాలావరకు మెడను అంటుకుని పైకి పాకే సన్నటి నాళాల నుంచే అందుతుంది. మెడ విరిగి ముక్క పక్కకు జరిగితే ఆ నాళాలు తెగిపోతాయి. స్క్రూలతో చక్కగా అతికించినా రక్తం అందని బాల్ లోలోపల చచ్చుబడి, ఏడాదికో రెండేళ్లకో కుంగిపోవచ్చు. డాక్టర్లు ఏవీఎన్ అనేది దీన్నే. బుడిపెల దగ్గర ఆ బాధ లేదు. అక్కడ రక్తం పుష్కలం, ఎముక అతుకుతుంది. అతికేదాకా ముక్కలు జారకుండా పట్టి ఉంచడమే కష్టం.

కాబట్టి బావమరిది వాళ్ల నాన్నతో పోలిక పెట్టుకోకండి. ఆయనకు మెడ దగ్గర విరిగి ఉంటుంది, మీ నాన్నగారికి బుడిపెల దగ్గర. ఒకరికి బాల్ మార్చడం, ఇంకొకరికి రాడ్ వేయడం రెండూ సరైనవే కావచ్చు.

మా అమ్మ సంగతి చెప్తాను. 74 ఏళ్లప్పుడు పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారిపడింది. నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని "మోకాలు బెణికినట్టుంది, కాస్త అమృతాంజనం రాయి" అంటోంది. ఎడమ పాదం వైపు చూశాను. వేళ్లు బయటికి తిరిగిపోయి, పాదం అంచు గచ్చును తాకుతోంది. రెండు మడమలూ దగ్గర పెట్టి చూస్తే ఎడమది రెండు వేళ్ల మందం పైకి ఉంది. ఎక్స్‌రే తీయకముందే నాకు కాళ్లు చల్లబడ్డాయి. తుంటి విరిగిన నొప్పి మోకాల్లో తెలియడం చాలా మామూలు. మోకాలికి ఎక్స్‌రే తీసి, బాగానే ఉందని ఇంటికి పంపించేస్తే నాలుగు రోజులకు మళ్లీ వచ్చినవాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి, పడ్డాక నిలబడలేకపోతున్నారు కానీ తుంటి ఎక్స్‌రే మామూలుగా ఉంది అంటే అక్కడితో ఆగకండి. ఎమ్మారై గానీ సీటీ గానీ తీయమని అడగండి. సన్నటి చీలిక ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. దాని మీద నడిస్తే అదే పక్కకు జరిగిపోతుంది.

మెడ విరిగింది, ముక్క జరగలేదు

ఇది అదృష్టం అనుకోవాలి. 1961లో గార్డెన్ అనే బ్రిటిష్ సర్జన్ మెడ ఫ్రాక్చర్లను నాలుగు దశలుగా విడదీశాడు. ఇప్పటికీ కేస్ షీటులో "గార్డెన్ 1" నుంచి "గార్డెన్ 4" అని రాస్తూనే ఉన్నారు. ఒకటి, రెండు అంటే ముక్క చోటులోనే ఉంది. మూడు, నాలుగు అంటే జరిగింది.

జరగకపోతే మామూలుగా తొడ పక్క నుంచి మూడు పొడవాటి స్క్రూలు వేస్తారు. చిన్న కోత, రక్తం తక్కువ పోతుంది, గంటలోపు అయిపోతుంది. కొందరు సర్జన్లు ఒక పెద్ద జారే స్క్రూ, దానికి పక్కన ప్లేటు వేస్తారు. దాన్నే డీహెచ్ఎస్ అంటారు. రెంటిలో ఏది మేలో తేల్చడానికి ఫెయిత్ అనే పెద్ద పరీక్ష, అంటే పేషెంట్ల మీద రెండు పద్ధతులనూ పోల్చి చూసే అధ్యయనం, జరిగింది. 50 ఏళ్లు దాటిన వెయ్యి మందికి పైగా అందులో ఉన్నారు, ముక్క జరిగినవాళ్లు కూడా. 2017లో ఫలితం వచ్చింది. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ కావాల్సి వచ్చినవాళ్లు స్క్రూల వైపు 22 శాతం, ప్లేటు వైపు 20 శాతం. అంటే దాదాపు సమానమే. సిగరెట్ తాగేవాళ్లకు, మెడ అడుగు భాగంలో విరిగినవాళ్లకు, ముక్క జరిగినవాళ్లకు ప్లేటు కాస్త మెరుగ్గా కనిపించింది. ఏవీఎన్ మాత్రం ప్లేటు వైపే కొంచెం ఎక్కువ.

ఈ లెక్కలో నాకు కనిపించే అసలు విషయం వేరు. ఎలా అతికించినా అయిదుగురిలో ఒకరు మళ్లీ టేబుల్ ఎక్కుతున్నారు. అందుకే 80 దాటిన మనిషికి, ఎముక బాగా గుల్లబారిన మనిషికి ముక్క జరగకపోయినా సర్జన్ బాల్ మార్చేద్దామంటే "డబ్బు కోసం" అని వెంటనే అనేసుకోకండి. ఎక్స్‌రేలో బాల్ వెనక్కి వాలి ఉంటే కూడా స్క్రూలు నిలవవేమోనని వాళ్ల భయం. కారణం అడగండి, చెప్తారు.

మెడ విరిగింది, ముక్క జరిగింది

ఎక్కువ గందరగోళం ఇక్కడే. ముందు వయసు చూసుకోవాలి. పాతిక ముప్ఫై ఏళ్ల కుర్రాడు బండి మీద నుంచి పడి మెడ విరగ్గొట్టుకుంటే బాల్ మార్చరు. అతని సొంత బాల్‌ను కాపాడటానికే అన్ని ప్రయత్నాలూ చేస్తారు. వీలైనంత త్వరగా ముక్కను సరిగ్గా చోటులో పెట్టి బిగిస్తారు, ఆరు నుంచి పన్నెండు వారాలు కాలి మీద బరువు వేయనివ్వరు. ఆ వయసువాళ్లు చంకకర్రలతో ఒంటికాలి మీద నెట్టుకురాగలరు. డెబ్భై అయిదేళ్లావిడను "మూడు నెలలు ఈ కాలు కింద పెట్టకమ్మా" అంటే ఆవిడ చేయగలిగింది ఒక్కటే, మంచం పట్టడం. చేతుల్లో అంత బలం ఉండదు.

అందుకని 65 దాటాక, ముక్క జరిగాక, అతికించే దారి నాకైతే నచ్చదు. పరీక్షలన్నీ కలిపి చూస్తే ఈ వయసులో అతికించినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మళ్లీ ఆపరేషన్ అవుతోంది. మా పెద్దనాన్నకు అదే జరిగింది. 68 ఏళ్లు, గార్డెన్ 4. "చిన్న ఆపరేషన్ చాలు, సొంత బాల్ ఉంటే మంచిది కదా" అని మా ఇంట్లోవాళ్లే ముచ్చటపడ్డారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడు స్క్రూలు వేశారు. ఐదో నెలలో స్క్రూ తల చర్మం కింద చేతికి తగిలింది. మెడ అతకలేదు, కుంగింది. మళ్లీ మత్తు, మళ్లీ రక్తం, మళ్లీ ఖర్చు. రెండోసారి బాల్ మార్చాక బాగానే నడిచాడు కానీ, ఆ ఐదు నెలల్లో తొడ కండ అంతా కరిగిపోయింది. అది మళ్లీ పూర్తిగా రాలేదు.

బాల్ మార్చడంలో రెండు దారులున్నాయి. విరిగిన బాల్ మాత్రమే తీసి కొత్తది పెట్టి, గిన్నెను ముట్టుకోకుండా వదిలేయడం ఒకటి. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా బైపోలార్ అని వినిపించేది ఇదే. బాల్‌తోపాటు గిన్నెలో కూడా కొత్త కప్పు పెట్టడం రెండోది. అది టోటల్ హిప్.

టోటల్ అంటే అన్నిటికంటే మేలు అనే నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. పేరులోనే "టోటల్" ఉంది మరి. 2019లో వచ్చిన హెల్త్ అనే పరీక్ష చూడండి. పది దేశాల్లో 1,495 మందికి ఈ రెండూ పోల్చారు. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అయినవాళ్లు టోటల్ వైపు 7.9 శాతం, బాల్ ఒక్కటే మార్చిన సగం మార్పు వైపు 8.3 శాతం. తేడా లేనట్టే. నడక, నొప్పి విషయంలో టోటల్‌కు కాస్త మొగ్గు కనిపించింది కానీ, రోజువారీ బతుకులో తెలిసేంత కాదు. కీలు తప్పడం వంటి ఇబ్బందులు టోటల్‌లో 4.7 శాతం, సగం మార్పులో 2.4 శాతం.

మరి టోటల్ ఎవరికి? బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు చెప్పే తీరు నాకు బాగా నచ్చుతుంది. పడకముందు ఒక కర్రకు మించి సాయం లేకుండా ఒంటరిగా బయట తిరిగే మనిషి అయి ఉండాలి. ఆ ఆపరేషన్‌ను తట్టుకోలేని జబ్బులేవీ ఉండకూడదు. ఇంకో రెండేళ్లకు పైగా తన పనులు తాను చేసుకుంటారన్న నమ్మకం ఉండాలి. మన భాషలో చెప్పాలంటే, రోజూ పొద్దున పాల కేంద్రానికి, సాయంత్రం గుడికి తానే నడిచి వెళ్లే అరవై ఎనిమిదేళ్లాయన టోటల్ గురించి అడగొచ్చు. అంతకుముందే కీళ్లవాతంతో తుంటి అరిగినవాళ్లకు కూడా టోటలే సరి. ఇంట్లో గోడ పట్టుకుని తిరిగే ఎనభై రెండేళ్లావిడకు బైపోలార్ చాలు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు టోటల్ వద్దనే అంటాను. ఎలా కూర్చోవాలో, ఎలా కూర్చోకూడదో వాళ్లకు గుర్తుండదు, కీలు తప్పుతుంది.

ఇక సిమెంటు. "సిమెంటు వేస్తే మళ్లీ తీయలేరట, సిమెంటు లేనిదే లేటెస్ట్ అట" అని అడిగేవాళ్లు చాలామంది. తుంటి విరిగిన పెద్దవాళ్ల విషయంలో పరీక్షలు సిమెంటు వైపే నిలబడ్డాయి. 2022లో బ్రిటన్‌లో 60 దాటిన 1,225 మంది మీద చేసిన పరీక్షలో సిమెంటు వేసినవాళ్ల జీవన నాణ్యత నాలుగో నెలకు మెరుగ్గా ఉంది. కొత్త బాల్ కాడ (తొడ ఎముకలోకి దించే భాగం) చుట్టూ ఎముక మళ్లీ పగలడం సిమెంటుతో 0.5 శాతం, సిమెంటు లేకుండా 2.1 శాతం. గుల్ల ఎముకలో కాడను బలంగా కొట్టి దించడం కంటే సిమెంటు నింపి కూర్చోబెట్టడం మెత్తని పని. పైగా ఆ సిమెంటు కొన్ని నిమిషాల్లోనే గట్టిపడుతుంది, మర్నాడు నా పేషెంటు ధైర్యంగా కాలు నొక్కుతారు. సిమెంటు వేసే క్షణాల్లో కొందరికి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది, నిజమే. అది అరుదు, మత్తు డాక్టరు ముందే సిద్ధంగా ఉంటారు. గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు సిమెంటు వద్దనుకుంటే అది వేరే లెక్క.

పాతకాలపు ఆస్టిన్ మూర్ బాల్ ఇంకా అక్కడక్కడా వేస్తున్నారు. చవక. నైస్ మాత్రం అలాంటి పాత కాడలు కాకుండా నిరూపణ అయినవే వాడమంటోంది. అవకాశం ఉంటే సిమెంటుతో వేసే బైపోలార్ అడగండి. బైపోలార్‌లోనే ఒకే ముక్కగా వచ్చే ఫిక్స్‌డ్, విడి భాగాలు కలిపి బిగించే మాడ్యులర్ అని రెండు ధరలు చెప్తారు. మాడ్యులర్‌లో కాలు పొడవు సరిచూసుకునే వీలు సర్జన్‌కు ఎక్కువ. బడ్జెట్ లేదని ఫిక్స్‌డ్ వేయించినవాళ్లు కూడా నా చేతుల్లో నడిచారు, దాని కోసం అప్పు చేయకండి.

మా అమ్మకు వేసింది సిమెంటుతో బైపోలార్. అక్క టోటల్ వేయిద్దాం అంది. అమ్మ పడకముందే మోకాళ్ల నొప్పులతో వీధి చివరి దాకా వెళ్లడం మానేసి రెండేళ్లయింది. ఆ మాట నేనే గుర్తు చేశాను. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం.

బుడిపెల దగ్గర విరిగితే: ప్లేటా, రాడ్డా

ఇక్కడ బాల్ బతికే ఉంటుంది, మార్చాల్సిన పని చాలా అరుదు. ఎముక బయట పక్కన ప్లేటు బిగించి మెడలోకి జారే స్క్రూ వేస్తే డీహెచ్ఎస్. ఎముక గొట్టం లోపలికి రాడ్ దించి దానిలోంచి బాల్‌లోకి స్క్రూ వేస్తే పీఎఫ్ఎన్. ఇప్పుడు మన దగ్గర ఏ కేసుకైనా పీఎఫ్ఎన్ మాటే ఎక్కువ వినిపిస్తోంది. చిన్న కోతలు, రక్తం తక్కువ పోవడం దాని సుగుణాలు. ధరలో మాత్రం ప్లేటు చాలా తక్కువ.

విరుపు ఒకే గీతగా, రెండు ముక్కలుగా ఉంటే రెండూ సమానంగా పనిచేస్తాయి. సర్జన్ "దీనికి డీహెచ్ఎస్ చాలు" అంటే పాత పద్ధతి అని భయపడకండి, బ్రిటన్‌లో ఇప్పటికీ చాలా కేసులకు మొదటి ఎంపిక అదే. విరుపు గీత తలకిందులుగా, అంటే లోపల నుంచి బయటి పక్కకు కిందికి దిగేలా ఉన్నా, బుడిపెల కిందికి పాకినా రాడ్డే కావాలి. అలాంటి చోట ప్లేటు పెడితే స్క్రూ జారినకొద్దీ ముక్కలు విడిపోతాయి. చాలా ముక్కలుగా నలిగిన కేసుల్లో కూడా నేను రాడ్ వైపే. రాడ్ వేసినవాళ్లకు మర్నాడే బరువు వేయమని సర్జన్లు ధైర్యంగా రాస్తారు.

ఏది వేసినా ఒక్క కొలత మీద చాలా ఆధారపడి ఉంటుంది. స్క్రూ మొన బాల్ మధ్యకు, లోతుగా చేరాలి. 1995లో బామ్‌గార్ట్‌నర్ అనే అమెరికన్ సర్జన్, ఆయన బృందం దీన్ని కొలిచి చూపించారు. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో స్క్రూ మొనకీ బాల్ శిఖరానికీ మధ్య దూరాలు కూడితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అది దాటినకొద్దీ స్క్రూ బాల్‌ను చీల్చుకుని బయటికొచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఎంత ఖరీదైన రాడ్డయినా తప్పు చోట కూర్చుంటే, సరైన చోట కూర్చున్న చవక ప్లేటు ముందు అది దండగే. అందుకే కంపెనీ పేరు అడిగేకంటే "ఇలాంటి కేసులు మీరు తరచుగా చేస్తారా అండీ" అని అడగడం మంచిది. టైటానియమా స్టీలా అనే దాని మీద టెన్షన్ పడేవాళ్లకు నా మాట, ఈ వయసులో నడకకు ఆ తేడా తెలియదు.

ఆపరేషన్ లేకుండా కుదరదా?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. "ఈ వయసులో కోత ఎందుకు, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అని ఎవరో ఒక పెద్దమనిషి అంటాడు. చేతి మణికట్టుకైతే చర్మం కిందే ఎముక ఉంటుంది, కట్టు దాన్ని పట్టుకోగలదు. తుంటి ఎముక మందపాటి కండల లోపల, కడుపుకూ తొడకూ మధ్య మూలలో ఉంటుంది. ఏ కట్టూ దాన్ని పట్టి ఉంచలేదు. మెడ అయితే చాలావరకు అతకదు. బుడిపెల దగ్గరైతే అతకొచ్చు కానీ వంకరగా, పొట్టిగా అతుకుతుంది. అదీ రెండు మూడు నెలలు మంచం మీద ఉంటేనే.

ఆ రెండు మూడు నెలలు ఎలా ఉంటాయో మా నాయనమ్మ దగ్గర చూశాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆసుపత్రిలో మంచం కాళ్ల వైపు ఎత్తు పెట్టి, కాలికి పట్టీ చుట్టి, తాడుకు ఇటుకలు వేలాడగట్టారు. రోజూ స్కూలు నుంచి వచ్చి ఆ ఇటుకలు లెక్కపెట్టేదాన్ని. ఐదో వారానికి నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. ఏడో వారానికి అది అరచేయంత పుండు. తర్వాత దగ్గు, నిమ్ము. తొమ్మిదో వారంలో పోయింది. కాలు విరిగి చనిపోయిందని ఊళ్లో అన్నారు. ఆమెను తీసుకెళ్లింది కాలు కాదు, మంచం. ఈ వృత్తిలోకి నేను రావడానికి ఆ పుండే కారణం.

అయినా ఆపరేషన్ వద్దనడం సబబైన సందర్భాలు ఉన్నాయి. విరగకముందే పూర్తిగా మంచానికే పరిమితమైన మనిషి, ఇంకో జబ్బుతో చివరి రోజుల్లో ఉన్న మనిషి. నెదర్లాండ్స్‌లో వృద్ధాశ్రమాల్లోని బాగా బలహీనులైన పెద్దల మీద ఒక పరిశీలన చేశారు, 2022లో వచ్చింది. ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడి ఆపరేషన్ వద్దనుకుని, నొప్పి మందులతో హాయిగా ఉంచినవాళ్ల జీవన నాణ్యత ఆపరేషన్ అయినవాళ్లకంటే తీసిపోలేదు. అలాంటప్పుడు ఆపరేషన్ చేయించలేదే అని మనసు కష్టపెట్టుకోవద్దు. నొప్పి లేకుండా చూసుకోవడం కూడా వైద్యమే. కేవలం వయసు చూసి, "తొంభై ఏళ్లు కదా" అని వదిలేయడం మాత్రం తప్పు. నడిచే తొంభై ఏళ్ల మనిషి మళ్లీ నడవగలరు.

ఎంత త్వరగా, ఏ మత్తుతో

చేరిన రోజు లేదా మర్నాడు ఆపరేషన్ అయిపోవాలన్నది నైస్ మాట. మన దగ్గర ఆలస్యమయ్యేది ఎక్కువగా మూడు చోట్ల: గుండె డాక్టరు ఫిట్‌నెస్ కోసం, స్కీము అనుమతి కోసం, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు వచ్చేదాకా. ఇండియా సహా 17 దేశాల్లో దాదాపు మూడు వేల మంది మీద చేసిన హిప్ అటాక్ అనే పరీక్షలో, ఆరు గంటల్లోనే చేసేస్తే మరణాలు తగ్గలేదు. అక్కడ పోల్చింది ఒక రోజు పట్టినవాళ్లతో. కాబట్టి అర్ధరాత్రి హడావుడి పడక్కర్లేదు. కానీ త్వరగా చేసినవాళ్లు త్వరగా నిలబడ్డారు, త్వరగా ఇంటికెళ్లారు, మతి తప్పి కలవరించడం వాళ్లలో తగ్గింది. కొడుకు కోసం నాలుగు రోజులు ఆపడం ఏ లెక్కనా మంచిది కాదు. ఫోనులో మాట్లాడి సరే అనిపించండి.

షుగర్, బీపీ కాస్త ఎక్కువున్నంత మాత్రాన వాయిదా వేయక్కర్లేదు, ఆసుపత్రిలోనే అదుపు చేస్తూ చేస్తారు. ఎకోస్ప్రిన్ వాడుతున్నా ఆపనక్కర్లేదు. అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే అంబులెన్స్ ఎక్కేటప్పుడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, విరుగుడు ఇచ్చి త్వరగా సిద్ధం చేస్తారు. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

నడుంలో ఇంజెక్షనా, పూర్తి మత్తా? 2021లో అమెరికా, కెనడాల్లో 1,600 మంది మీద చేసిన పరీక్షలో రెండూ సమానమే అని తేలింది. ఇది పూర్తిగా మత్తు డాక్టరుకు వదిలేయండి. మీరు అడగాల్సింది వేరే ఉంది. చేరిన వెంటనే గజ్జల దగ్గర నరానికి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇస్తారా అని అడగండి. అమ్మకు అది ఇచ్చిన పావుగంటకు పిడికిలి వదిలింది. అప్పటిదాకా మంచం కడ్డీ పట్టుకునే ఉంది.

డబ్బు సంగతి

ఇంప్లాంటుల్లో టోటల్ హిప్ అన్నిటికంటే ఖరీదు, స్క్రూలు, ప్లేటు తక్కువ, రాడ్, బైపోలార్ మధ్యలో. ఇంట్లో 70 దాటినవాళ్లుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇప్పుడే తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి వర్తిస్తోంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవాళ్లు చేరేముందే ఆరోగ్యమిత్రను కలిసి మీ కేసుకు ప్యాకేజీలో ఏ ఇంప్లాంటు ఇస్తారో, పైన ఏమైనా కట్టాలో స్పష్టంగా అడగండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఈ ఆపరేషన్లు నిత్యం చేస్తాయి, చేతులు తిరిగినవాళ్లు అక్కడ ఉంటారు. ఆపరేషన్ తేదీ ఎప్పుడిస్తారో ముందే కనుక్కోండి.

కింద కూర్చోవడం, బాత్రూం

అతికించినవాళ్లకు ఎముక అతికాక మళ్లీ బాసింపట్టు వేసి కూర్చునే అవకాశం ఉంది. తెలంగాణలో సక్లముక్లం అంటారు. బాల్ మార్చినవాళ్లకు అది మానేయమని చెప్తాను. ముఖ్యంగా తుంటి వెనక వైపు నుంచి కోసి చేస్తే మొదటి మూడు నెలలు తొంభై డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పక్కకు తిరిగి పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. సర్జన్ ముందు పక్క నుంచి చేస్తే కీలు తప్పే భయం తక్కువ. అందుకే "ఏ వైపు నుంచి చేశారండీ" అని అడిగి తెలుసుకోండి. కమోడ్ లేని ఇల్లయితే ఆసుపత్రిలో ఉండగానే కమోడ్ కుర్చీ కొని పెట్టండి. రాత్రి బాత్రూం దారిలో చిన్న లైటు, గోడకు పట్టుకునే కడ్డీ. రెండో తుంటి ఇంకా మిగిలే ఉంది.

ఆ రెండో తుంటి కోసం ఇంకో పని. చిన్నగా పడితేనే విరిగిందంటే ఎముక గుల్లబారిందని అర్థం. డిశ్చార్జి కాగితంలో క్యాల్షియం మాత్రలు రాసి వదిలేస్తారు. అది చాలదు. ఏడాదికొకసారి సెలైన్‌లో ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ గురించి అడగండి. తుంటి ఆపరేషన్ అయిన 2,127 మంది మీద చేసిన పరీక్షలో, మూడు నెలల లోపు మొదలుపెడితే కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. 2007 నుంచీ తెలిసిన సంగతి ఇది, అయినా నా దగ్గరికొచ్చే కాగితాల్లో చాలా అరుదుగా కనిపిస్తుంది. ముందు విటమిన్ డి, కిడ్నీ పరీక్షలు చూసి, సాధారణంగా రెండు వారాలు గడిచాక ఇస్తారు.

అమ్మ ఆపరేషన్ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వాకర్ తీసుకుని వెళ్లాను. ఎంతోమందిని లేపినదాన్ని, ఆ రోజు నా చేతులు తడిగా ఉన్నాయి. ముందు మంచం అంచున ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కళ్లు తిరగడం తగ్గనిచ్చాం. మంచి కాలు మీద లేచి, రెండోది మెల్లగా ఆనించి, "ఇది విరగదు కదే?" అని అడిగింది. కేస్ షీటు తీసి చూపించాను, సర్జన్ తన చేత్తో రాసిన మాట: ఫుల్ వెయిట్ బేరింగ్, అంటే కాలి మీద పూర్తి బరువు వేయొచ్చని. ఆ మాట మీ కాగితంలో కూడా రాయించుకోండి. రాయలేదంటే ఎందుకు రాయలేదో, ఎన్ని వారాలు ఆగాలో ఆ రోజే అడగండి. ఆ ఒక్క మాట లేక, బరువు వేయొచ్చో లేదో తెలియక మంచం మీద మూడేసి వారాలు ఊరికే ఉండిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.